మంట పుట్టించినదల్లా మందు కాదు

గత విద్యాసంవత్సరంలో ఒకనాటి మధ్యాహ్నం తరగతి ముగిసిన తరువాత ఒక విద్యార్థిని దుపట్టా కొంగుతో ముఖం సగం కప్పుకొని మా గది వాకిట నిలిచినది. చేతిలో సెలవు చీటీ ఉన్నది. కారణమేమని అడిగితే మాట రాలేదు. కొంగు తొలగించి చూపినది. రెండు చెంపలు ఎర్రగా కంది, పొలుసులు లేచి, వాటి నడుమ చిన్న చిన్న చీముపొక్కులు కనిపించినవి. స్నేహితురాలి మాట మీద ఒక మందుల దుకాణంలో చిన్న ట్యూబు కొని అయిదు నెలలు రాసుకొన్నదట. మొదటి మూడు వారాలు ముఖం అద్దంలా మెరిసినదట. ఆ తరువాత ఒక్కరోజు మానితే చాలు, మంట మొదలయ్యేదట. మంట తగ్గడానికి మళ్ళీ అదే ట్యూబు. అక్క నికాహ్ పది రోజులలో ఉన్నదని చెప్పి ఆ అమ్మాయి ఏడ్చినది. నికాహ్ నాడు ఆమె బంధువుల ముందుకు రాలేదనీ, వంటల వద్దనే ఉండిపోయినదనీ తరువాత తెలిసినది.

మేము తెలుగు బోధించేవారమే గాని వైద్యులము కాము. అయినా ఆ సంఘటన తరువాత ఈ విషయం గురించి చదివినాము, తెలిసినవారిని అడిగినాము. నేడు మన విద్యార్థుల సంచులలో పుస్తకాలతోపాటు సీరములు, ఆమ్లాలు, రెటినాయిడ్ లేపనాలు చేరుతున్నవి. వాటిలో చాలా భాగం మంచివే. కాని మంచి మందును చెడుగా వాడితే ముప్పు తప్పదు. కనుక వీటిని చర్మానికి హాని కలగకుండా వాడుకొనే విధానాన్ని మాకు తెలిసినంతలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

చర్మం అనే ఆనకట్ట

చర్మం మన శరీరంలో ఎంతో పెద్ద అవయవం. ఎదిగిన మనిషి చర్మాన్ని పరిస్తే సుమారు రెండు చదరపు మీటర్లు ఉంటుంది. అందులో అన్నిటికన్నా పైనున్న పొర మృతకణాలతో ఏర్పడినది. పదిహేను ఇరవై వరుసలున్నా దాని మందం మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతులకు మించదు. ఈ పొరను శాస్త్రజ్ఞులు ఇటుకల గోడతో పోల్చుతారు. కణాలు ఇటుకలు; వాటి నడుమనున్న కొవ్వు పదార్థాలు సున్నం. లోపలి తడిని బయటికి పోనీయకపోవడం, బయటి విషాన్ని లోపలికి రానీయకపోవడం ఈ గోడ పని.

కృష్ణాతీరంలో పుట్టి పెరిగిన మనకు దీనిని అర్థం చేసుకోవడం కష్టం కాదు. బెజవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తయిన తరువాతనే ఈ డెల్టా అన్నపూర్ణ అయినది. 1952లో ఆ ఆనకట్టకు గండి పడినప్పుడు దాని విలువ అందరికీ తెలిసి వచ్చినది. ఆ తరువాతనే 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ నిర్మాణం జరిగినది. చర్మపు గోడ సంగతీ అంతే. అది ఉన్నన్నాళ్ళు దాని ఊసే మనకుండదు. గండి పడినాక నీళ్ళు తగిలినా మంటే, సబ్బు తగిలినా మంటే.

మరొక సంగతి. ఆరోగ్యమైన చర్మం స్వల్పంగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. దాని పి.హెచ్. విలువ అయిదుకు అటూ ఇటూ ఉంటుంది. మనం వాడే స్నానపు సబ్బులు సాధారణంగా తొమ్మిది, పది మధ్యన ఉంటాయి. అందువల్లనే రోజుకు నాలుగైదుసార్లు సబ్బుతో ముఖం కడిగేవారికి చర్మం బిగిసినట్లు, గీరుకొన్నట్లు అనిపిస్తుంది. బందరు, అవనిగడ్డ వైపు బోరునీటిలో ఉప్పు పాలు హెచ్చు. అటువంటి కఠినజలంలో సబ్బు సరిగా నురగ రాదు. దాని మడ్డి చర్మం మీదనే మిగులుతుంది. అటువంటి చోట ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. నమాజు కోసం రోజుకు అయిదుసార్లు వజూ చేసేవారు వట్టి నీటితోనే ముఖం కడుగుకొంటారు గనుక దానివల్ల హాని లేదు. వజూ చేసిన ప్రతిసారీ సబ్బు రుద్దవలసిన పని లేదని మాత్రం గుర్తుంచుకోవాలి.

క్రియాద్రవ్యాలు

ఒక లేపనంలో ఎన్నో పదార్థాలు కలిసి ఉంటాయి. నీరు, నూనె, మైనం, సువాసన మొదలైనవి కేవలం ఆధారాలు. చర్మకణాల మీద నిజంగా పనిచేసేది ఒకటో రెండో ఉంటుంది. దానినే క్రియాద్రవ్యం అంటారు. మనవారు ఎక్కువగా వాడుతున్నవాటిని గురించి కొంత తెలుసుకొందాము.

అన్నింటిలో సాధువైనది నయాసినమైడ్. ఇది బి3 విటమిను. దీనికి మన తెలుగుదేశంతో ఒక చరిత్ర ఉన్నది. దక్కనులో జొన్నలు ప్రధానాహారంగా తినే పేదలలో ఎండ తగిలిన మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పగిలే పెల్లాగ్రా అనే వ్యాధి ఉండేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో, అనగా 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అని పిలువబడుతున్న చోట, డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకాంతియా ఈ వ్యాధిని పరిశీలించి 1960లో ప్రపంచానికి తెలియజేసినారు. నయాసిన్ లోపించినప్పుడు చర్మం ఎండకు నిలువలేదు. అదే విటమిను నేడు నూటికి రెండు నుండి అయిదు పాళ్ళుగా ముఖలేపనాలలో చేరి, చర్మపు గోడను బలపరుస్తున్నది, మచ్చలను పలుచబరుస్తున్నది. కొత్తగా ప్రారంభించేవారికి ఇది తగినది. పది పాళ్ళ సీసాను కొంటే రెట్టింపు గుణం వస్తుందనుకోవడం పొరపాటు. కొందరికి అది ఎరుపును, దురదనే తెస్తుంది.

రెండవ తరగతి ఆమ్లాలది. చెరకులో సహజంగా ఉండే గ్లైకాలిక్ ఆమ్లం, పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం నీటిలో కరిగేవి. ఇవి మృతకణాల మధ్య బంధాన్ని సడలించి పైపొరను పలుచగా రాల్చుతాయి. సాలిసిలిక్ ఆమ్లం నూనెలో కరిగేది గనుక రోమకూపాలలోకి దిగి నల్లమచ్చలను, మొటిమలను తగ్గిస్తుంది. దీనికి రెండు పాళ్ళు చాలు. ఆస్పిరిన్ మాత్ర పడనివారు దీని జోలికి పోకూడదు. గ్లైకాలిక్ ఆమ్లం విషయంలో పది పాళ్ళకు మించనిదీ, పి.హెచ్. మూడున్నరకు తగ్గనిదీ ఇంటి వాడుకకు తగినదని అమెరికా దేశపు నిపుణుల సంఘం 1998లో నిర్ణయించినది. ముప్పై, డెబ్బై పాళ్ళ ద్రావకాలు వైద్యుని చేతిలో ఉండవలసినవి. అవి ఇంటికి తెప్పించుకొని పూసుకొనేవి కావు.

మూడవది రెటినాయిడ్ల తరగతి. విటమిన్ ఏ నుండి పుట్టిన ఈ ద్రవ్యాలలో ట్రెటినోయిన్ పెద్దది. అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్మన్ అనే చర్మవైద్యుని కృషి ఫలితంగా 1971లో అది మొటిమల మందుగా అనుమతి పొందినది. అడాపలీన్ దానికంటే సౌమ్యమైనది. ఇవి కణాలు పుట్టి రాలే వేగాన్ని మార్చుతాయి. అందువల్లనే మొదటి నాలుగైదు వారాలు ముఖం కొంచెం పొడిబారి పొలుసులు లేవడం సహజం. మోతాదు మించితే అదే పుండుగా మారుతుంది. గర్భవతులు, గర్భం ధరింపదలచినవారు రెటినాయిడ్లను ఎంతమాత్రమూ వాడకూడదు.

బెంజాయిల్ పెరాక్సైడ్ మొటిమలలోని సూక్ష్మజీవులను చంపుతుంది. రెండున్నర పాళ్ళ లేపనం పది పాళ్ళ లేపనంతో దాదాపు సమానంగా పనిచేస్తుందనీ, మంట మాత్రం తక్కువనీ 1986లోనే పరిశోధకులు చూపినారు. ఈ సంగతి తెలియక ఎక్కువ పాళ్ళ ట్యూబును వెదికి కొనేవారెందరో. ఇది బట్టల రంగును కూడా తినివేస్తుంది. కనుక దుపట్టాలు, దిండు గలీబులు జాగ్రత్త. ఇక సి విటమిను సీరము వెలుతురుకు, వేడికి చెడిపోతుంది. బెజవాడ వేసవిలో కిటికీ పక్కన పెట్టిన సీసా ముదురు గోధుమ రంగుకు తిరిగినదంటే అది పనికి రాదు, పారవేయవలసినదే.

మంటలో రెండు రకాలు

"మంట పుడితేనే మందు పనిచేస్తున్నట్లు" అని మన పెద్దలలో ఒక నమ్మకం ఉన్నది. గుంటూరు మిరపకాయను కోసిన చేయి కూడా మండుతుంది; దానివల్ల చేయి బాగుపడినదని ఎవరూ అనరు. కాబట్టి మంటను ప్రయోజనానికి కొలబద్దగా తీసుకోకూడదు. ఏ మంట ఎందుకు వచ్చినదో తెలుసుకోవడం ముఖ్యం.

ఒకటి ప్రకోపం వల్ల వచ్చేది. ఇది మోతాదును బట్టి ఉంటుంది. పాళ్ళు ఎక్కువైనా, ఎక్కువసార్లు పూసినా, తడి ముఖం మీద పూసినా నిమిషాలలో, గంటలలో మండుతుంది. పూసినంత మేరకే ఎర్రబడుతుంది. మానివేసి, మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెడితే చాలామందికి సరిపోతుంది.

రెండవది అసహనం, అనగా అలర్జీ. ఇది మోతాదును లెక్కచేయదు. ఆవగింజంత తగిలినా చాలు. పూసిన ఒకటి రెండు రోజులకు, ఒక్కొక్కప్పుడు మూడో రోజుకు దురదతో మొదలై, పూసిన చోటును దాటి కనురెప్పలకు, మెడకు పాకుతుంది. ఒకసారి శరీరం ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తించినదంటే ఆ గుర్తు సాధారణంగా జీవితాంతం పోదు. ఇటువంటిది వస్తే ఆ వస్తువును శాశ్వతంగా విడిచిపెట్టడమే మార్గం.

మన చర్మానికి మరొక ప్రత్యేకత ఉన్నది. తెల్లజాతివారికి చర్మం కమిలితే ఎరుపు వచ్చి పోతుంది. చామనచాయ, నలుపు చర్మం కమిలితే ఎరుపు పోయినాక నల్లమచ్చ మిగులుతుంది. రంగునిచ్చే మెలనిన్ కణాలు ఆ దెబ్బకు రేగి మరింత రంగును తయారుచేయడమే ఇందుకు కారణం. ఆ మచ్చ మానడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరం పడుతుంది. కనుక తెల్లబడాలని మంటను సహించేవారు చివరకు నల్లమచ్చలనే కొనితెచ్చుకొంటున్నారు.

ఇంటి సరుకు, అంగడి సరుకు

సీసాలలో వచ్చేవే మందులు, వంటింటివి నిరపాయాలు అనుకోకూడదు. నిమ్మరసం పి.హెచ్. రెండుకు దగ్గరగా ఉంటుంది. ఈ కొలతలో ఒక్కొక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పదింతలు పెరుగుతుంది. అంటే నిమ్మరసం మన చర్మం కన్న సుమారు వెయ్యి రెట్లు ఆమ్లం. పైగా నిమ్మజాతి తొక్కలలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లటి చారలు వేస్తాయి. నిమ్మచెక్క రుద్దుకొని ఎండలో కళాశాలకు నడిచి రావడం ఈ విధంగా ప్రమాదం. కొన్ని అత్తరులలో కలిసే బెర్గమోట్ నూనె కూడా ఇటువంటిదే. అత్తరును మెడకు, చెంపలకు కాక దుస్తులకు పూసుకోవడం మేలు.

పసుపు సంగతి వేరు. దుగ్గిరాల పసుపు మార్కెట్టు పక్కనే ఉన్న మనకు పసుపు కొత్త కాదు. తెలుగువారి నలుగు, మన ఇళ్ళలోని హల్దీ, ఉబ్టన్ అన్నీ దానితోనే. కొమ్ము తెచ్చి ఇంట దంచుకొన్నంత కాలం పెద్దగా భయం లేదు. విడిగా అమ్మే పొడులలో మెటానిల్ యెల్లో వంటి రంగులు, సీసపు క్రోమేట్ కలిపే కల్తీలు ఎన్నోసార్లు బయటపడినవి. ముఖానికి పూసేదానిలో కల్తీ ఉంటే కడుపుకే కాదు, చర్మానికీ చేటే. నలుగుపిండిని మెత్తగా జల్లించి నెమ్మదిగా రాయాలి గాని, మురికి వదలాలని గరుకుగా తోమకూడదు. మొటిమలున్న ముఖాన్ని అసలే తోమకూడదు.

మెహందీ విషయంలో మన అమ్మాయిలందరూ ఒక్క నియమం కంఠస్థం చేయాలి. గోరింటాకులోని లాసోన్ అనే రంగు నారింజ నుండి ముదురు ఎరుపు, గోధుమ వరకే పండుతుంది. అదీ గంటలు పడుతుంది. అరగంటలో బొగ్గులాగా నల్లగా పండేది గోరింటాకు కాదు. అందులో తలరంగులో వాడే పారాఫినిలీన్ డయమిన్ అనే రసాయనం కలిసి ఉంటుంది. పండుగకు ముందు రాత్రి పెట్టించుకొన్న నల్లని కోను, కొద్ది రోజులకు ఆ డిజైను ఆకారంలోనే బొబ్బలై లేస్తుంది. పైన చెప్పిన రెండవ రకపు మంట ఇదే. జీవితంలో మరెన్నడూ తలకు రంగు వేసుకొనే వీలు కూడా లేకుండా పోతుంది.

యునానీ వైద్యంలోని ఒక ఉదాహరణ ఇక్కడ ఎంతో బోధకమైనది. బొల్లి మచ్చలకు బావంచాలను, అనగా ఉర్దూలో బాబ్చీ అనేవాటిని, మన హకీములు తరతరాలుగా వాడినారు. స్పెయిన్‌లో పుట్టిన ఇబ్నుల్ బైతార్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పదమూడవ శతాబ్దంలో ఆత్రిలాల్ అనే మొక్క గింజలను తినిపించి, రోగిని ఎండలో కూర్చోబెట్టే చికిత్సను గ్రంథస్థం చేసినాడు. ఏడు వందల సంవత్సరాల తరువాత, 1940లలో ఈజిప్టు వైద్యుడు అబ్దుల్ మొనీమ్ అల్ మోఫ్తీ ఆ గింజల నుండి తీసిన సోరాలెన్ అనే పదార్థంతో బొల్లికి ఆధునిక చికిత్స రూపొందించినాడు. నేటి అతినీలలోహిత కిరణ చికిత్సకు మూలం అదే. బావంచాలలోనూ ఆ జాతి పదార్థమే ఉన్నది. హైదరాబాదు ఎర్రగడ్డలోని యునానీ పరిశోధన సంస్థకు బొల్లి చికిత్సలో దేశమంతటా పేరున్నది. అయితే అక్కడ వైద్యులు మోతాదును, ఎండ నిమిషాలను లెక్కించి ఇస్తారు. ఇంట్లో ఎవరో చెప్పినారని బావంచాల నూనె పూసుకొని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడితే మిగిలేది కాలిన బొబ్బలే. ఔషధం ఒక్కటే; మోతాదు తెలిసినవాని చేతిలో మందు, తెలియనివాని చేతిలో నిప్పు.

దొంగమందులు

ఇప్పుడు ఆ అమ్మాయి ట్యూబు సంగతికి వస్తాము. దాని పెట్టె మీది చిన్న అక్షరాలు చదివితే మూడు పేర్లు కనిపించినవి: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్. ఈ మిశ్రమానికి మూలమైన సూత్రాన్ని క్లిగ్మన్, విల్లిస్ అనే వైద్యులు 1975లో ప్రకటించినారు. మంగు వంటి మచ్చలకు వైద్యుని పర్యవేక్షణలో కొద్ది వారాలు మాత్రమే వాడవలసిన మందు అది. మూడవ పేరు స్టెరాయిడుది. అది ఎరుపును, మంటను అణచివేసి, చర్మాన్ని తాత్కాలికంగా తెల్లబరుస్తుంది. అందుకే మొదటి వారాలలో ముఖం మెరుస్తుంది. క్రమంగా చర్మం పలుచబడి, రక్తనాళాలు పైకి తేలి, మొటిమలు, చెంపల మీద వెంట్రుకలు వస్తాయి. మానివేస్తే అణచిపెట్టిన మంట రెట్టింపై తిరగబడుతుంది. దీనిని మన దేశపు చర్మవైద్యులు స్టెరాయిడ్ చేత చెడిన ముఖం అని ప్రత్యేకంగా పేరు పెట్టవలసి వచ్చినదంటే ఈ బెడద ఎంత ప్రబలినదో ఊహించవచ్చు. హైడ్రోక్వినోన్‌నే ఏళ్ళ తరబడి వాడితే, తిరిగి పోని నీలినలుపు చర్మంలో దిగుతుంది.

ఈ దుర్వినియోగాన్ని అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చినది. వైద్యుని చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. పెట్టె మీద ఆర్‌ఎక్స్ గుర్తు, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉన్నవా అని చూడడం మన బాధ్యత. క్లోబెటాసాల్, బీటామెథసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏది కనిపించినా అది అందం కోసం వాడే లేపనం కాదని గ్రహించాలి.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగిన రోజులు మనవారెవరూ మరువలేదు. అటువంటి మురికి నీటిలో రోజుల తరబడి నడిచినవారికి కాలివేళ్ళ సందులలో, గజ్జలలో తామర వంటి శిలీంధ్ర వ్యాధులు పట్టుకోవడం సహజం. మామూలు రోజులలో కూడా మన తేమగాలి, చెమట వాటికి అనుకూలమే. అటువంటప్పుడు దుకాణంలో దొరికే స్టెరాయిడ్ కలిసిన "దురద ట్యూబు" పూస్తే దురద తగ్గుతుంది. శిలీంధ్రం మాత్రం మరింత పాకుతుంది. ఇటీవలి సంవత్సరాలలో మన దేశంలో మందులకు లొంగని తామర ప్రబలడానికి ఇటువంటి మిశ్రమాలు ఒక ముఖ్యకారణమని వైద్యులు చెబుతున్నారు. ఆ మొండి శిలీంధ్రానికి 2020లో పెట్టిన శాస్త్రీయ నామంలో మన దేశం పేరే చేరడం మనకు కీర్తి కాదు.

వీటన్నింటికన్న ప్రమాదకరమైనది పాదరసం. పేరు, చిరునామా లేని కొన్ని తెలుపు లేపనాలలో అది ఉంటుంది. చర్మం గుండా రక్తంలోకి చేరి మూత్రపిండాలను చెరుస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జులై, 2023 సెప్టెంబరు మధ్య ఒక రకపు మూత్రపిండవ్యాధితో వచ్చిన 22 మందిని వైద్యులు పరిశీలించినారు. వారిలో 15 మందికి అరుదైన ఒకే లక్షణం కనబడినది; ఆ 15 మందిలో 13 మంది తెలుపు లేపనాలు వాడినవారు. పాదరసం కలిపిన సౌందర్య సాధనాల తయారీని 2020 తరువాత నిలిపివేయాలని మినమాటా అంతర్జాతీయ ఒప్పందం విధించినది. భారతదేశం 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించినది. అయినా దొంగసరుకు ఆగలేదు. తయారీదారు పేరు, పదార్థాల జాబితా, లైసెన్సు సంఖ్య లేని డబ్బీని తాకకపోవడమే రక్ష.

వాడే పద్ధతి

ఇక మంచి మందును మంచిగా వాడే క్రమం. మొదటి నియమం: ఒక్కసారి ఒక్కటే. ఒకే వారంలో నాలుగు సీసాలు మొదలుపెడితే ఏది పడినదో, ఏది పడలేదో తెలియదు. ఒకదానికీ మరొకదానికీ నడుమ కనీసం రెండు వారాలు ఉండాలి.

రెండవది పరీక్ష. కొత్త లేపనాన్ని మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున ఏడు రోజులు పూసి చూడాలి. అలర్జీ ఆలస్యంగా బయటపడుతుంది గనుక ఒక్కరోజు పరీక్ష చాలదు. ఏ మార్పూ లేకపోతేనే ముఖానికి.

మూడవది మోతాదు. రెటినాయిడ్ ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలు. రాత్రివేళ ముఖం కడిగి, ఇరవై నిమిషాలు పూర్తిగా ఆరనిచ్చి పూయాలి. తడి చర్మం మందును ఎక్కువగా పీల్చుకొంటుంది. మొదటి పక్షం వారానికి రెండు రాత్రులు, ఆపైన మూడు, చర్మం ఓర్చుకొంటే రాత్రి విడిచి రాత్రి. దానికి ముందో, తరువాతో సువాసన లేని సాదా మాయిశ్చరైజరు పూస్తే గుణం పెద్దగా తగ్గదు, మంట తగ్గుతుంది. కనురెప్పలు, ముక్కు మూలలు, పెదవి కొసలు విడిచిపెట్టాలి.

నాలుగవది క్రమం. పెడన వెళ్ళి బందరు కలంకారీ చేసేవారిని చూసినవారికి ఇది సులభంగా తెలుస్తుంది. ముందు కరక్కాయ, తరువాత పటిక, ఆపైన రంగు. ప్రతి దశకూ నడుమ ఉతుకు, ఆరుదల. అన్నింటినీ ఒకే తొట్టిలో ముంచితే మిగిలేది మరకల గుడ్డ. ముఖానికీ అంతే. ఆమ్లం పూసిన రాత్రి రెటినాయిడ్ వద్దు. రెటినాయిడ్ రాత్రి ఆమ్లం వద్దు. వారంలో ఒకటి రెండు రాత్రులు రెండూ లేకుండా సాదా లేపనంతో చర్మానికి విశ్రాంతి ఇవ్వాలి. ముఖం మీద వెంట్రుకలు తీయించుకొన్న రోజున, బ్లీచు చేయించుకొన్న రోజున ఏ క్రియాద్రవ్యమూ కూడదు.

అయిదవది ఎండ. మన బెజవాడ పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోలే పగిలే ఎండకు లేత పొర ఏమి నిలుస్తుంది? ఆమ్లాలు, రెటినాయిడ్లు వాడే చర్మం ఎండకు మరింత లోబడుతుంది. ఆమ్లం మానిన తరువాత కూడా ఒక వారం ఆ జాగ్రత్త అవసరం. ఎస్.పి.ఎఫ్. ముప్పై గల సన్‌స్క్రీను రెండు వేళ్ళ పొడవున తీసి ముఖానికీ మెడకూ పూయాలి. ఆరుబయట ఉంటే రెండు గంటలకొకసారి తిరిగి పూయాలి. గుడివాడ నుండి, తెనాలి నుండి బస్సులలో వచ్చేవారు, జొహర్ వజూకు ముఖం కడిగేవారు మధ్యాహ్నం మళ్ళీ పూసుకోవాలి. గొడుగు, దుపట్టా, చేతి రుమాలు కూడా తక్కువ రక్షలు కావు. సన్‌స్క్రీను పూసుకోలేనివారు ఆమ్లాలు, రెటినాయిడ్ల జోలికి పోకపోవడమే మేలు.

చర్మం మండి పొలుసులు లేస్తే అన్ని క్రియాద్రవ్యాలూ ఆపివేయాలి. సౌమ్యమైన శుభ్రపరచేది, మాయిశ్చరైజరు, సన్‌స్క్రీను, ఈ మూడింటితో నాలుగు వారాలు గడపాలి. పైపొర మొత్తం మారడానికి సుమారు అంత కాలం పడుతుంది. నీరు కారినా, కనురెప్పలు వాచినా, బొబ్బలు లేచినా ఇంట కూర్చోకూడదు. స్టెరాయిడును నెలల తరబడి వాడినవారు తమంతట తాము ఒక్కసారిగా మానకుండా వైద్యుని చూడాలి. మన నగరపు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉన్నది. సిగ్గుపడి దాచుకొన్న రోజులన్నీ చికిత్సకు అడ్డే.

అసలు మోజు దేనిమీద?

ఇంతా చెప్పినాక ఒక ప్రశ్న మిగులుతుంది. మొటిమలకు, మచ్చలకు మందు కావాలంటే న్యాయమే. కాని మన పిల్లలలో చాలామంది వెదుకుతున్నది రోగానికి మందు కాదు, రంగుకు మందు. తెలుపు పేరుతో 1975లో మన దేశపు అంగడికి వచ్చిన ఒక ప్రసిద్ధ లేపనం 2020లో తన పేరులోని ఆ మాటను తానే తొలగించుకొన్నది. పెళ్ళిచూపుల మాటలలో మాత్రం ఆ మాట ఇంకా తొలగలేదు. "అమ్మాయి రంగు కాస్త తక్కువ" అన్న ఒక్క వాక్యం ఎన్ని ట్యూబులను అమ్మించినదో!

మన నది పేరే కృష్ణ. ఆ మాటకు అర్థం నల్లనిది. ఆమె నీరు పారిన నల్లరేగడి మనకు అన్నం పెడుతున్నది. చామనచాయ అనే మన మాట సంస్కృతంలోని శ్యామ నుండి వచ్చినది. భారతకథానాయిక ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఆమె రంగును బట్టియే. ఇక ఇస్లాములో మొట్టమొదటి అజాన్ పలికే గౌరవం పొందిన హజ్రత్ బిలాల్ నల్లనివారు. తెల్లవానికి నల్లవాని మీద ఆధిక్యం లేదని ప్రవక్త తమ చివరి హజ్ ప్రసంగంలో బోధించినారని మనకు తెలియనిది కాదు. రెండు సంస్కారాలకు వారసులమైన మనం రంగు కోసం మూత్రపిండాలను పణంగా పెట్టడం విచారకరం.

ఆ విద్యార్థిని వైద్యుని వద్దకు వెళ్ళినది. కోలుకోవడానికి పది నెలలు పట్టినది. చెంపల మీద లేత నీడ ఇంకా మిగిలి ఉన్నది. ఈ సంవత్సరం ఆమె ముఖం కప్పుకోకుండా ముందు వరుసలో కూర్చుంటున్నది. ఈ వ్యాసం వ్రాస్తున్నామని చెప్పి అనుమతి అడిగినప్పుడు, "పేరు వ్రాయకండి సార్, ఆ ట్యూబులో ఉన్న మందుల పేర్లు మాత్రం తప్పక వ్రాయండి" అన్నది. ఆమె కోరిక ప్రకారం ఆ పేర్లు పైన వ్రాసినాము. మన విద్యార్థినీ విద్యార్థులు వాటిని గుర్తుంచుకొందురు గాక. మన కళాశాల కమిటీ పెద్దలు సంవత్సరానికి ఒక్కరోజైనా ఒక చర్మవైద్యుని ఇక్కడికి ఆహ్వానించి పిల్లలతో మాట్లాడించవలెనని వినయపూర్వకంగా మనవి చేస్తున్నాము.